అమావాస్య నాడు అడిగే ప్రశ్న

మా అత్తగారింట్లో మనిషి బాగుపడుతున్నాడా లేదా అని అమావాస్య నాడు చూస్తారు.

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లకు జిప్పులు, గుండీలు, దారం కండెలు, లేబుళ్ళు అమ్మే అంగడి మాది. అమావాస్య వస్తే మధ్యాహ్నమే అంగడి కడుగుతారు, గడపకు పసుపు రాస్తారు, కొత్త నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చి కడతారు. పొద్దు వాలేముందు బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి దిష్టి తీసి రోడ్డు మీద పగలగొడతారు. ఇంతవరకు ఊళ్ళో అన్ని అంగళ్ళలోనూ ఉండేదే. ఆ తర్వాత జరిగేది మాత్రం మా ఇంటికే ప్రత్యేకం. షట్టరు సగం దించి, బొరుగులు, పుట్నాలు, కొబ్బరి ముక్కలు కలిపిన పళ్ళెం మధ్యలో పెట్టుకుని, అందరూ అంగట్లో పరుపు మీద కూర్చుంటారు. మా మామ ఒక్కొక్కరినీ వరసగా అడుగుతారు. పోయిన అమావాస్యకు ఏం మానుకుంటానన్నావు? ఏం నేర్చుకుంటానన్నావు? ఎంతవరకు వచ్చింది? ఇది వాళ్ళ నాయన పెట్టిన పద్ధతట. సరుకు చూసుకున్నట్టే మనల్ని మనం నెలకొకసారి చూసుకోవాలని ఆయన అనేవారట.

వినడానికి బాగానే ఉంటుంది. పెళ్ళైన కొత్తలో రాప్తాడులోని మా పుట్టింటికి పోయినప్పుడు అమ్మకు గొప్పగా చెప్పాను కూడా. అమ్మ అంతా విని, "మంచిదే. నిన్నేం అడిగినారు?" అంది. నన్నెవరూ ఏమీ అడగలేదు. కోడళ్ళు పళ్ళెం అందించాలి, ఖాళీ అయితే మళ్ళీ నింపాలి. బాగుపడ్డావా అని అడిగించుకోవడానికి కూడా ముందు మనిషిగా లెక్కలోకి రావాలని నాకు అప్పుడు తెలిసింది.

మా బావ, అంటే మా ఆయన అన్న, ప్రతి అమావాస్యకూ గుట్కా మానుకుంటానంటాడు. నేను వచ్చినప్పటినుంచీ అదే మాట. "ఏమప్పా, మానుకున్నావా?" అని మామ అడుగుతారు. "తగ్గించినా నాయనా. వచ్చే అమావాస్యకు చూడు" అంటాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా బుగ్గలో అది ఉంటుంది. అందరూ నవ్వుతారు. మామ కూడా నవ్వి, ఒక కొబ్బరి ముక్క తీసి ఆయన చేతిలో పెడతారు. అంతే, ఆయన పరీక్ష అయిపోయినట్టు.

నా సంగతికి వస్తాను. బస్టాండు దగ్గర మాకు ఇంకో చిన్న అంగడి ఉంది. కర్ణాటక వైపు నుంచి, మొలకాల్మూరు పక్క నుంచి వచ్చే చిన్న యూనిట్ల వాళ్ళు ఊళ్ళోకి నడవాల్సిన పని లేకుండా, దిగిన చోటే సరుకు తీసుకుని అదే బస్సుకు తిరిగి పోయేందుకు పెట్టిన అంగడి. అందులో జీతానికి కూర్చునే పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో మానుకున్నాక దానికి షట్టరు దించేశారు. పిల్లలు హైస్కూలుకు వచ్చారు. మధ్యాహ్నాలు మా ఆయన అన్నానికి వచ్చినప్పుడు పెద్ద అంగట్లో నేను కూర్చోవడం అలవాటే. ఏ జిప్పు ఏ ప్యాంటుకు పడుతుందో, ఏ గుండీ ఉతుకులో తుప్పు పడుతుందో నాకు తెలుసు. ఒక అమావాస్య నాడు, నా చేతిలో పళ్ళెం ఉండగానే, అడిగేశాను.

"మామా, బస్టాండు అంగడి నేను చూసుకుంటాను."

ఎవరూ వద్దనలేదు. వద్దంటే కొట్లాడటానికి ఒక మాట దొరికేది. మామ కాసేపు బొరుగులు నమిలి, "నీకు కోపమమ్మా" అన్నారు. "అంగట్లో కూచునేవాళ్ళకు ఓర్పు ఉండాల. ఆ జిప్పుల సంగతి మర్చిపోయినావా?"

నేనెందుకు మర్చిపోతాను? మర్చిపోవాల్సింది వాళ్ళు. నా పెళ్ళైన మొదటి సంవత్సరం ఒకాయన వేరే అంగట్లో కొన్న నాసిరకం జిప్పులు తెచ్చి, మీవే, తెగిపోయినాయి, మార్చమన్నాడు. పట్టీ మీద గుర్తు చూసి, ఇవి మావి కావని నేను చెప్పాను. ఆయన గొంతు పెంచాడు, నేనూ పెంచాను. మామ వెనక గదిలోంచి వచ్చి, జిప్పులు చూడకుండానే మార్చి ఇచ్చేసి, ఆయన ముందరే నాతో, "నోరా అమ్మా అది, రంపమా?" అన్నారు. ఆయన నవ్వుకుంటూ పోయాడు. జిప్పులు మావి కావు. ఆ మాట ఆ రోజు చెప్పాను, ఇప్పుడూ చెప్తాను.

అయినా మామ పెట్టిన షరతుకు ఒప్పుకున్నాను. కోపం తగ్గించుకోవాలి. వచ్చే అమావాస్యకు చూస్తారు. తగ్గిందనిపిస్తే తాళంచెవి నాకిస్తారు. నిజం చెప్పాలంటే నాకూ తగ్గించుకోవాలనే ఉంది. అరిచిన తర్వాత ఆ పూట నాకు అన్నం సయించదు. వాళ్ళ కోసం కాకపోయినా నా కోసమైనా తగ్గితే మంచిదే అనుకున్నాను. మొదటిసారి ఆ పరుపు మీద నా పేరు కూడా వరసలోకి వచ్చిందని లోపల కాస్త సంతోషం కూడా కలిగింది.

ఆ సంతోషం మరుసటి రోజు పొద్దునకే పోయింది. బావకు నెలకొకసారి పరీక్ష. నాకు పూటకొకసారి. పాలు పొంగితే మా అత్త వంటింటి గుమ్మంలో నిలబడి నా ముఖం వైపు చూసేది, పొయ్యి వైపు కాదు. "ఏమ్మా, కోపమొచ్చినాదా?" రాలేదు అత్తా. "గొంతు అట్ల ఉండాదే?" నా గొంతు పుట్టినప్పటినుంచీ అంతే. "సూడు, సూడు, వచ్చేసినాది!" ఇలా అడిగితే లేని కోపం కూడా ఎక్కడినుంచో లేచి వస్తుంది. పెరుగు తోడుకుందా లేదా అని గంటకొకసారి గిన్నె కదిపితే అది ఎన్నటికీ గట్టిపడదు. ఆ సంగతి తెలిసి కూడా మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆమె మర్చిపోయింది.

ఒక మధ్యాహ్నం నేను పెద్ద అంగట్లో ఉన్నప్పుడు ఒకాయన వచ్చాడు. లేబుళ్ళు చూపించమన్నాడు. చుట్టలన్నీ విప్పించాడు. ఇది కాదు, అది. అది కాదు, మొదటిది. జిప్పు తీసి, మూసి, తీసి, "ఇది ఎన్నిసార్లు లాగితే ఊడుతాది?" అన్నాడు. "ఊడదన్నా" అన్నాను. "ఊడితే?" అన్నాడు. "తీసుకురాండి, చూస్తాం" అన్నాను. చివరికి టీ తాగి వస్తానని పోయి, మళ్ళీ రాలేదు. విప్పిన చుట్టలన్నీ నేను కూర్చుని చుట్టాను. ఒక్క మాట అనలేదు. నా మీద నాకే గౌరవం కలిగింది.

అమావాస్య నాడు మామ నా వంతు రాగానే, "ఏమ్మా, ఎట్లుండాది?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే బావ పగలబడి నవ్వాడు.

"నాయనా, మొన్న లేబుళ్ళ కోసం వచ్చినోడిని నేనే పంపించినా. మా స్నేహితుడే. గంటసేపు సతాయించినాడంట. కిక్కురుమనలేదంటప్పా!"

అందరూ చప్పట్లు కొట్టినంత పని చేశారు. నా ఓర్పు ఎంత ఉందో తెలుసుకోవడానికి మనిషిని పెట్టి నన్ను గిల్లించారు. గుట్కా మానాడో లేదో తెలుసుకోవడానికి బావ ముందు ఎవరైనా పొట్లం విప్పి పెట్టారా? ఆ మాట నాలుక చివరి వరకు వచ్చింది. మింగేశాను. తాళంచెవి దగ్గరికి వచ్చేశాను కదా అనుకున్నాను.

"తగ్గినాదమ్మా. నేను ఒప్పుకుంటా" అన్నారు మామ.

"అయితే బస్టాండు అంగడి మామా?"

"ఈ దినం అమావాస్య కదమ్మా. అమావాస్య నాడు ఎవరైనా కొత్త పని మొదలుపెడతారా?"

మరుసటి రోజు అడిగాను. పాడ్యమి. పాడ్యమి నాడు గడప దాటకూడదు. ఆ మరుసటి రోజు విదియ, అన్నిటికీ మంచి రోజే. ఆ రోజు పొద్దున మామ సరుకు కోసం బెంగళూరు బస్సెక్కారు. పాత సరుకు ఎంత మిగిలిందో అమావాస్య నాడు చూసుకుని, విదియ నాడు కొనడానికి పోవడం కూడా వాళ్ళ నాయన పెట్టిన పద్ధతే. ఆయన తిరిగివచ్చి, వచ్చిన సరుకంతా సర్దించి, కాళ్ళు చాపుకుని కూర్చునేసరికి పున్నమి దాటింది. మళ్ళీ అడిగాను.

"ఇంగెంతమ్మా, అమావాస్య వస్తానే ఉండాది. ఇంకొక్కసారి చూసుకొని ఇద్దాం."

ఆ రెండో నెల ఎండాకాలం ముదిరింది. వీధిలో బోరు ఎండిపోయి ట్యాంకరు వస్తోంది. మా వంతు వచ్చి డ్రమ్ములో నీళ్ళు సగమైనా పడకముందే, ట్యాంకరు తోలేవాడు పైపు తీసి, పెద్ద మిద్దె వాళ్ళు పిలుస్తున్నారని బండి కదిలించాడు. బండికి అడ్డంగా నిలబడి అరిచాను. వీధిలో ఆడవాళ్ళంతా నా వెనక నిలబడ్డారు. డ్రమ్ము నిండింది. ఆ నీళ్ళతోనే మా ఇంట్లో అందరూ స్నానాలు చేశారు, మా అత్తతో సహా. ఇది జరిగింది అమావాస్యకు ముందు రోజు.

"మొదటికొచ్చినాది నాయనా!" అన్నాడు బావ పరుపు మీద. మా అత్త ట్యాంకరు కథంతా చేతులూపుతూ చెప్పింది. మామ తల అడ్డంగా తిప్పారు. నెలంతా నేను నోరు మూసుకుని గడిపిన రోజులు ఎవరికీ కనబడలేదు. కళ్ళ ముందున్న నిన్నటి రోజే కనబడింది. నెలకొకసారి చూడటంలో ఇదొక తమాషా. నెలను చూస్తున్నామనుకుంటారు, చూసేది దాని తోకను. అదే ట్యాంకరు గొడవ పున్నమి నాడు జరిగి ఉంటే అమావాస్యకు ఎవరికీ గుర్తుండేది కాదు. నాకు తప్ప.

తర్వాతి నెల బాగానే గడిచింది. మామ బాగుందన్నారు, తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. ఆషాఢం, శూన్యమాసం. కొత్త పని పెట్టుకోకూడదు. శ్రావణంలో ఇస్తారనుకున్నాను. శ్రావణమంతా ఇంట్లో వ్రతాలు, పేరంటాలు. ఎప్పుడు అడిగినా ఒకటే మాట, అమావాస్యకు చూసి చెప్తాం.

ఆ అమావాస్యకు నిమ్మకాయలు గుచ్చుతున్నప్పుడు నాకు హఠాత్తుగా తట్టింది. తట్టగానే సూది పక్కన పెట్టి మా ఆయనను పిలిచాను.

"మీ ఇంట్లో మనిషిని చూసేది ఎప్పుడు?"

"అమావాస్యకు" అన్నాడు ఆయన, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"కొత్త పని మొదలుపెట్టకూడనిది ఎప్పుడు?"

"అమావాస్యకు."

"మరి నేను బాగుపడినానని తేలేది ఏదీ మొదలుపెట్టకూడని దినమే గదా? మొదలుపెట్టొచ్చు అనే దినం వచ్చేసరికి మళ్ళీ చూడాలంటారు. ఇట్లైతే నాకు తాళంచెవి ఎప్పుడొస్తాది?"

ఆయన వేళ్ళ మీద తిథులు లెక్కపెట్టి చూసుకున్నాడు. "నువ్వు చెప్పేది నిజమే" అన్నాడు. "కానీ నాయనకు ఎవరు చెప్తారు?"

నేనే చెప్పాను. గుమ్మడికాయ పగిలింది, షట్టరు సగం దిగింది, పళ్ళెం మధ్యలోకి వచ్చింది. బావ వచ్చే అమావాస్యకు గుట్కా మానేస్తానన్నాడు. నా వంతు వచ్చింది.

"మామా, నన్ను ఇంగ అమావాస్యకు అడగొద్దండి. దశమికి అడగండి. బాగుంటే అదే దినం తాళంచెవి ఇయ్యండి. బాగలేకపోతే, ఇయ్యనని చెప్పేయండి. నెలనెలా వద్దు, మూన్నెళ్ళకొకసారి అడగండి. మధ్యలో మాత్రం ఎవరూ నా ముఖం చూడొద్దు."

మామ నా వైపు చూశారు. "మా నాయన పెట్టిన దినం మారుస్తావా?"

"మీ నాయన చూసుకోమన్నాడు. మొదలుపెట్టొద్దనలేదు గదా మామా."

"దినం మారిస్తే బుద్ధి మారుతాదా అమ్మా?"

బావ పుట్నాలు నోట్లో వేసుకుంటూ మా ఆయనతో అన్నాడు. "ఏమప్పా, ఇన్నాళ్ళు మనుషుల మీదే అనుకుంటి. ఇప్పుడు మీ ఇంటామె పంచాంగం మీద గూడా కేసు పెడుతాండాదే!"

అందరూ నవ్వారు. మామ నవ్వారు, అత్త నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు. నేను చెప్పింది నిజమేనని మధ్యాహ్నం ఒప్పుకున్న మనిషి, సాయంత్రం వాళ్ళతో కలిసి నవ్వాడు.

నేను లేచాను. దేవుడి పటం పక్కన మేకుకు బస్టాండు అంగడి తాళంచెవి వేలాడుతోంది. తీసుకున్నాను. సగం దించిన షట్టరు కింద వంగి రోడ్డు మీదికి వచ్చాను. పగిలిన గుమ్మడికాయ ముక్కలు తొక్కకుండా పక్కకు జరిగి నడిచాను. వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. "ఇదేం పనమ్మా, అమావాస్య పూట!"

బస్టాండు దాకా నడుస్తుంటే మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి కలిశాడు. "నాయన చూస్తే ఏమంటాడు?"

"చూడనీ. ఈ దినం చూసే దినమే గదా."

తాళం వచ్చింది కానీ షట్టరు కదల్లేదు. దుమ్ము పట్టి బిగుసుకుపోయింది. మోకాలి ఎత్తు వరకు లేపగలిగాను. ఆ తర్వాత మా ఆయన చెయ్యి వేశాడు. అది లేచింది. ఆయన చెయ్యి వేసిన సంగతి నేను మర్చిపోలేదు, నవ్విన సంగతి కూడా మర్చిపోలేదు.

లోపల దీపం వేసి, బల్ల తుడుస్తుండగానే ఒకాయన వచ్చాడు. మొలకాల్మూరులో చిన్న యూనిట్టట. పొద్దున్నే డెలివరీ ఉంది, ఇత్తడి జిప్పులు తక్కువ పడ్డాయి, ఊళ్ళో ఏ అంగడికి పోయినా పూజ, తర్వాత రమ్మన్నారని విసుక్కున్నాడు. ఇక్కడ దుమ్ము చూసి ఇంకా విసుక్కున్నాడు. లోపలికి తొంగిచూసి, మగవాళ్ళెవరూ లేరా అని కన్నడంలో అడిగాడు. మా ఆయన అప్పుడు పక్క అంగడికి బకెట్టు కోసం పోయాడు.

"జిప్పు అమ్మేదానికి మగోళ్ళు ఎందుకన్నా? సైజు చెప్పు" అన్నాను.

ఆయన ఒక క్షణం చూసి, సైజు చెప్పాడు. షట్టరు దించినప్పుడు మిగిలిపోయిన పెట్టెలోంచి తీసిచ్చాను. లాగి చూశాడు. బాగుందన్నాడు. మా వాళ్ళకూ ఇక్కడ తెరిచినారని చెప్తానని, బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కాడు. బస్సు పోయాక చూస్తే, అవతల పక్క మామ నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు. రోడ్డు దాటి వచ్చి, అంగట్లోకి రాకుండా మెట్టు కిందే ఆగారు.

"అమావాస్య నాడు బోణీ చేసినావు."

"చేసినాను మామా."

"గట్టిగా మాట్లాడినావు ఆ మనిషితో."

"మాట్లాడినాను. సరుకు తీసుకున్నాడు."

మామ షట్టరు వైపు చూశారు. "ఇది లెక్కలోకి రాదమ్మా. ఇప్పుడు మూసేయ్. దశమికి మంచి దినం ఉండాది. అప్పుడు పూజ చేసి తెరుద్దాం. ఆ లోపల నీ కోపం సంగతి గూడా..."

దశమి! పరుపు మీద నేను అడిగిన దశమి, అందరూ నవ్విన దశమి, ఇప్పుడు ఆయన మాటగా నా దగ్గరికే వచ్చింది.

"లెక్కలోకి రాకపోతే పోనీండి మామా. షట్టరు నేను దించను."

మామ వెనక్కి తిరిగి నడుచుకుంటూ పోయారు. ఆయన అరిచి ఉంటే నాకు బాగుండేది. అరవలేదు. కోపం రాకుండా మనిషిని ఆపడం ఆయనకు బాగా వచ్చిన విద్య.

మరుసటి రోజు పాడ్యమి నాడు తెరిచాను. విదియ నాడు తెరిచాను. దశమికి పూజ చేయడానికి ఎవరూ రాలేదు. బావ రోడ్డు మీద పోతూ, ఆ అంగడికి దిష్టి తగిలిందని నలుగురికీ వినబడేలా అన్నాడు. విన్నాను, గుర్తు పెట్టుకున్నాను. మొలకాల్మూరు బస్సులో వచ్చేవాళ్ళు మాత్రం వస్తున్నారు. కొందరితో గొంతు పెరుగుతోంది. అట్లా గొంతు పెరిగినవాళ్ళలో కొందరు మళ్ళీ వస్తున్నారు, కొందరు రావడం లేదు. కోపం తగ్గిందా అని నన్ను నేను ప్రశ్నించుకునే తీరిక రాత్రి పడుకునేముందు దొరుకుతుంది. అప్పటికి నిద్ర ముంచుకొస్తుంది.

అమావాస్యలు వస్తూనే ఉన్నాయి. పెద్ద అంగట్లో పరుపు మీద వాళ్ళు కూర్చుంటూనే ఉన్నారు. నేను పోవడం లేదు. రమ్మని ఎవరూ పిలవలేదు కూడా, అది వేరే సంగతి. మొన్న అమావాస్యకు మా ఆయన కాగితం పొట్లంలో బొరుగులు, కొబ్బరి ముక్కలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కౌంటరు ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరికి దారం కండెలు, ఇంకొకరికి గుండీలు. మా ఆయన గొంతు తగ్గించి, నా పక్కకు వంగాడు.

"నాయన అడగమన్నాడు. కోపం తగ్గినాదా అని."

"తగ్గలేదని చెప్పు" అన్నాను. "అంగట్లో గిరాకీ ఉండాదని గూడా చెప్పు."